రిచీ స్ట్రీట్‌కు వెళ్ళే ముందు

చెన్నపట్నంలో మౌంట్ రోడ్డు తెలియని తెలుగువాడు ఉండడు. ఊరి నుంచి చుట్టాలు వస్తే హిగిన్‌బాథమ్స్ పుస్తకాల అంగడి, ఎల్.ఐ.సి. భవనం, దేవి సినిమా హాళ్ళు చూపించకుండా మనం పంపం. అదే రోడ్డు నుంచి చింతాద్రిపేట వైపు తిరిగే సందుల్లో ఉన్న రిచీ స్ట్రీట్‌కు మాత్రం పని పడితేనే వెళతాం. అక్కడ గోపురాలు లేవు, తోటలు లేవు, కూర్చుందామంటే ఒక అరుగైనా లేదు. అయినా ఇంట్లో పాత లాప్‌టాప్ ఒకటి ఉండి, అది నత్తనడక నడుస్తూ ఉంటే మాత్రం ఆ వీధి చూసి రాదగినదే. ఎలా వెళ్ళాలో, వెళ్ళే ముందు ఇంట్లో ఏం చూసుకోవాలో మన పత్రిక పాఠకులతో పంచుకుందామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

2019 ఫిబ్రవరిలో మౌంట్ రోడ్డు కింద మెట్రో రైలు మొదలయ్యాక ప్రయాణం తేలికైంది. గవర్నమెంట్ ఎస్టేట్ స్టేషన్‌లో దిగి పైకి వస్తే అక్కడి నుంచి నడకే. ఆ ఎస్టేట్‌ను చెన్నైవాళ్ళు ‘ఓమందూరార్’ పేరుతో పిలుస్తారు. ఆ ఓమందూరార్ ఎవరో కాదు, 1947 నుంచి 1949 వరకు మద్రాసు రాష్ట్ర ప్రభుత్వాన్ని నడిపిన ఓ.పి. రామస్వామి రెడ్డియార్. తరాల కిందట తమిళనాట స్థిరపడిన తెలుగు రెడ్డి కుటుంబాలవారే రెడ్డియార్లు. మనలాంటి వాళ్ళే అన్నమాట.

క్యాసినో సినిమా హాలు ఉన్న బ్లాకర్స్ రోడ్డు, నరసింగపురం వీధి, రిచీ స్ట్రీట్, ఇవన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయిన సందులు. మొత్తానికి కలిపి ‘రిచీ స్ట్రీట్’ అనేస్తారు. రేడియో విడిభాగాల కొట్లతో మొదలైన బజారు ఇది. 1990లలో నేను మొదటిసారి వెళ్ళింది టేప్ రికార్డరు బెల్టు కోసం. ఇప్పుడు బెల్టులు అడిగేవాళ్ళు లేరు. లాప్‌టాప్ బ్యాటరీలు, ఛార్జర్లు, సీసీ కెమెరాలు, తీగచుట్టలు, రిమోట్లు, ఏది కావాలన్నా దొరుకుతుంది. కింద కొట్టు చూసి ఇంతే అనుకోకండి. ఇరుకు మెట్లెక్కితే పైన ఇంకో పది కొట్లుంటాయి. ఒకపక్క టంకం వేసే పొగ, ఇంకోపక్క టీ బాయిలరు ఆవిరి. మధ్యలో అట్టపెట్టెలు మోసుకుంటూ ‘వళి, వళి’ అని దారి అడుగుతూ సాగే కూలీలు. తమిళం, హిందీ, తెలుగు మూడూ కలిపి బేరాలు నడుస్తూ ఉంటాయి.

ఈ చింతాద్రిపేట పేరుకు ఒక కథ ఉంది. తమిళంలో ‘తరి’ అంటే మగ్గం. చిన్న తరి పేట్టై అన్నదే చింతాద్రిపేట అయిందని చెబుతారు. 1734లో మద్రాసు గవర్నరుగా ఉన్న జార్జి మార్టన్ పిట్, ఈస్టిండియా కంపెనీకి కావలసిన బట్టల కోసం నేతపనివాళ్ళను ఒకచోట చేర్చాలనుకున్నాడు. కూవం నది వంపులో ఉన్న సుంకురామ చెట్టి తోటను తీసుకొని ఈ పేటను ఏర్పాటు చేశాడు. సుంకు అన్న మాట వినగానే మన చెవికి తెలుగు సవ్వడి తగులుతుంది.

మగ్గాల పేటకూ కంప్యూటరు మెమరీకీ కూడా ఒక దూరపు చుట్టరికం ఉంది. 1950ల నుంచి 1970ల దాకా కంప్యూటర్లలో మెమరీ అంటే చిట్టి చిట్టి అయస్కాంతపు ఉంగరాల్లోంచి సన్నని తీగలు పడుగూ పేకల్లా దూర్చి చేత్తో అల్లినదే. ఆ తరువాత 1970లో ఇంటెల్ కంపెనీ 1103 అనే చిప్పు తెచ్చింది. దాంట్లో ఇమిడేవి 1,024 బిట్లు. ఇప్పుడు చూపుడు వేలంత పొడవున్న 8 జీబీ ర్యామ్ ఒక్కదానిలో అలాంటి చిప్పులు 6 కోట్ల 71 లక్షలు ఇమిడినట్టు లెక్క. బ్యాంకులో లెక్కలతో బతికినవాణ్ణి గనుక రెండుసార్లు వేసి చూశాను. సరిగానే వచ్చింది.

పని ఏమిటంటే

2024 జూన్‌లో నేను రిచీ స్ట్రీట్‌కు వెళ్ళింది మా మేనకోడలితో. మా చెల్లెలి భర్త 2021లో పోయారు. ఆయన ఒక ప్రైవేటు సంస్థలో అకౌంటెంటు. ఆయన వాడిన లాప్‌టాప్, లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్240, ఇంట్లో మిగిలింది. ఇప్పుడు అమ్మాయి సి.ఏ. ఇంటర్మీడియట్ చదువుతోంది. పాఠం వీడియో ఒకవైపు, ఎక్సెల్ ఒకవైపు, నాలుగు పీడీఎఫ్‌లు ఇంకోవైపు తెరిస్తే యంత్రం కొయ్యబారి నిలబడిపోయేది. పరీక్షలు దగ్గర పడుతున్నాయి. మా చెల్లెలు స్కూలు టీచరు. “అన్నయ్యా, కొత్తది కొనే స్తోమత ఇప్పుడు లేదు. దాన్ని తీసేయడానికి మనసూ రావడం లేదు” అంది.

అభిమానం వేరు, ఖర్చు వేరు. రెండూ ఒకే పద్దులో రాస్తే లెక్క కుదరదు. ఆ యంత్రం మీద డబ్బు పెట్టడం లాభమా నష్టమా అన్నది విడిగా చూడాలి కదా. అది చూడటానికి బజారుకు వెళ్ళనక్కరలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు.

ఇంట్లో చూడవలసినవి

మొదట, కొరత నిజంగా మెమరీకేనా అన్నది తేల్చుకోవాలి. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో బ్రాంచిలో లెడ్జర్లన్నీ రికార్డు గదిలో ఉండేవి. ఆ రోజు పనికి కావలసినవి తెచ్చి కౌంటరు బల్ల మీద పెట్టుకునేవాళ్ళం. బల్ల చిన్నదైతే ఒకటి తెచ్చినప్పుడల్లా ఇంకొకటి లోపల పెట్టి రావాలి. తిరగడానికే సగం రోజు పోతుంది. కంప్యూటరులో రికార్డు గది అంటే డిస్కు. కౌంటరు బల్ల అంటే మెమరీ. దీన్నే బజారులో ర్యామ్ అంటారు.

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్న పుటలో మెమరీ దగ్గర చూడండి. రోజూ చేసే పనులన్నీ తెరిచి ఉంచి చూడాలి సుమా. మా మేనకోడలి యంత్రంలో ఉన్నది 4 జీబీ. నాలుగు పనులు తెరిచేసరికి దాదాపు మొత్తం నిండిపోయింది. అంటే కొరత అక్కడే. అలా కాకుండా మెమరీ సగం ఖాళీగా ఉండి, డిస్కు నూటికి నూరుపాళ్ళు పనిచేస్తూ ఉంటే, మీరు కొనవలసింది ర్యామ్ కాదు. పాత హార్డు డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయించుకోవాలి. మా చెల్లెలి భర్త ఆ పని తానుండగానే చేయించారు.

రెండవది, ర్యామ్ పెట్టే గాళ్ళు ఎన్ని ఉన్నాయి, ఎన్ని నిండాయి. వీటిని స్లాట్లు అంటారు. అదే పుటలో కింద ఉంటుంది. దాని పక్కనే ఫారమ్ ఫ్యాక్టర్ అన్న మాట ఉంటుంది. అక్కడ ‘ఎస్‌ఓడిమ్’ అని ఉంటే అది తీసి పెట్టుకోగల ర్యామ్. ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే ఉన్న మెమరీ బోర్డుకే టంకం వేసి అతికించినది. దాన్ని తీయలేం.

మూడవది, యంత్రం మోడల్ నంబరు. అడుగున చీటీ మీద ఉంటుంది. ఆ నంబరుతో తయారీ కంపెనీవారి సర్వీసు మాన్యువల్ తెచ్చుకుంటే ఏ రకం మెమరీ, ఎన్ని జీబీల దాకా పడుతుందో అందులో రాసి ఉంటుంది. మాన్యువల్ ఉచితంగానే దొరుకుతుంది. పేర్లు దగ్గరగా ఉన్నంత మాత్రాన అమరికా ఒకటే అనుకోకూడదు. 2013లో ఒకే కుటుంబంగా వచ్చిన మూడు థింక్‌ప్యాడ్‌లను చూడండి. ఎక్స్240కు ఒకటే స్లాటు, గరిష్ఠం 8 జీబీ. టీ440ఎస్‌కు 4 జీబీ బోర్డుకే అతికి ఉంటుంది, పైన ఒక స్లాటు, మొత్తం 12 జీబీ. టీ440పీకి రెండు స్లాట్లు, 16 జీబీ. ఒక తల్లి పిల్లలైనా మూడింటి తీరు మూడు రకాలు.

నాలుగవది, విండోస్ 32 బిట్లదా, 64 బిట్లదా అన్నది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ దగ్గర తెలుస్తుంది. ఇళ్ళలో వాడే 32 బిట్ల విండోస్ 4 జీబీకి మించి వాడుకోలేదు. దాని మీద 8 జీబీ వేయడమంటే తాళం వేసిన గదికి అద్దె కట్టడమే. ముందు 64 బిట్లది వేయించుకోవాలి.

ఈ నాలుగూ చూడటానికి మాకు అరగంట పట్టింది. అమ్మాయి అన్నీ ఒక చీటీ మీద రాసుకుంది: ఎక్స్240, స్లాటు ఒకటి, ఉన్నది 4, గరిష్ఠం 8, రకం డీడీఆర్3ఎల్, 64 బిట్లు.

పట్టడం వేరు, పొసగడం వేరు

చీటీలో ఉన్న ‘డీడీఆర్3ఎల్’ గురించి కొంత వివరంగా చెప్పాలి. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

మెమరీలో తరాలున్నాయి. డీడీఆర్2, డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అని. వీటి ప్రమాణాలను జెడెక్ అనే సంస్థ నిర్ణయిస్తుంది. డీడీఆర్3 ప్రమాణం 2007లో, డీడీఆర్4 2012లో, డీడీఆర్5 2020లో వచ్చాయి. లాప్‌టాప్ ర్యామ్‌లలో డీడీఆర్2కు 200 పిన్నులు, డీడీఆర్3కు 204, డీడీఆర్4కు 260, డీడీఆర్5కు 262. అంచులో ఉండే చిన్న గంటు కూడా తరానికొకచోట ఉంటుంది. కాబట్టి ఒక తరం ర్యామ్ ఇంకో తరం స్లాటులో దూరనే దూరదు. బలవంతం చేస్తే విరుగుతుంది. ఇక్కడ మోసపోయే అవకాశం తక్కువ.

చిక్కల్లా ఒకే తరంలో ఉన్న రెండు రకాలతోనే. మామూలు డీడీఆర్3 పనిచేసేది 1.5 వోల్టుల మీద. డీడీఆర్3ఎల్ 1.35 వోల్టుల మీద. చివరి ‘ఎల్’ తక్కువ వోల్టేజీకి గుర్తు. పిన్నులు రెండింటికీ 204. గంటు ఒకేచోట. పొడవు, మందం అంతా ఒకటే. పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉంటాయి. మామూలు డీడీఆర్3ను ఎల్ కోరే యంత్రంలో పెడితే చక్కగా గాడిలో కూర్చుంటుంది, క్లిప్పులు కూడా టక్కుమని పడతాయి. యంత్రం మాత్రం లేవదు. ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసరుతో వచ్చిన పలుచని లాప్‌టాప్‌లు చాలావరకు 1.35 వోల్టులే ఇస్తాయి. ఎక్స్240 ఆ కోవలోదే. దీనికి తిరుగు మాత్రం నిజం. డీడీఆర్3ఎల్ ర్యామ్ 1.5 వోల్టుల మీద కూడా నడిచేలా చేసినదే కాబట్టి, అంతకంటే పాత డీడీఆర్3 యంత్రాల్లో సాధారణంగా పనిచేస్తుంది. అనుమానం ఉన్నప్పుడు ఎల్ ఉన్నదే తీసుకోవడం మేలన్నది అందుకే.

చీటీ చదవడం కష్టం కాదు. ర్యామ్ మీద ‘పీసీ3ఎల్-12800ఎస్’ అని ఉందనుకోండి. 3 అంటే మూడో తరం. ఎల్ అంటే తక్కువ వోల్టేజీ. 12800 అంటే సెకనుకు 12,800 మెగాబైట్ల వేగం. దీన్నే 1600 అని కూడా అంటారు, 1600ను 8తో గుణిస్తే వచ్చేది ఇదే. చివరి ఎస్ లాప్‌టాప్ సైజుకు గుర్తు. వేగం గురించి ఎక్కువ బెంగ వద్దు. ఎక్కువ వేగం ఉన్నది పెట్టినా యంత్రం తన వేగానికే దాన్ని నడుపుతుంది. రెండు స్లాట్ల యంత్రంలో వేరువేరు వేగాలవి పెడితే మామూలుగా రెండూ నెమ్మదైనదాని వేగంతో నడుస్తాయి. జోడెద్దుల బండి సంగతే. 4 జీబీ ఒకటీ 8 జీబీ ఒకటీ కలిపినా సాధారణంగా నడుస్తుంది. సమానమైన జత అయితే కొంచెం చురుకు ఎక్కువ, అంతే.

వీధిలో మూడు కొట్లు

చీటీ చేతిలో పెట్టుకుని, లాప్‌టాప్ సంచీలో వేసుకుని బయలుదేరాం.

మొదటి కొట్టాయన మర్యాదస్తుడు. “4 జీబీ ఉందిగా సార్, ఇంకో 4 వేసుకోండి, చవకలో పోతుంది” అన్నాడు. మా అమ్మాయి, “దీనికి స్లాటు ఒక్కటేనండీ, ఉన్నది తీసి 8 పెట్టాలి” అంది. ఆయన దగ్గర 8 లేదు. నమస్కారం చెప్పి వచ్చేశాం.

రెండో కొట్టులో 8 జీబీ ఉందన్నారు. ధర కూడా తక్కువే. చీటీ మీద పీసీ3 తరువాత ఎల్ కనబడలేదు. అడిగితే, “రెండూ ఒకటే సార్, సైజు చూడండి, అన్నిటికీ వేస్తున్నాం” అని అక్కడే విప్పి పెట్టి చూపించాడు. లైటు వెలిగింది. తెర నల్లగానే ఉండిపోయింది. మా మేనకోడలు ఆ నల్ల తెర వంక చూస్తూ నా చెయ్యి పట్టుకుంది. పాత ర్యామ్ తిరిగి పెట్టించగానే యంత్రం మామూలుగా లేచింది. దానికేమీ హాని జరగలేదు. “మామయ్యా, గుండె ఆగినంత పనైంది” అంది అమ్మాయి. ఆ కొట్టాయన మనసులో చెడు ఉందని నేననుకోను. పాత యంత్రాలు ఎన్నింటికో ఆ ర్యామ్ పనిచేసి ఉంటుంది. రోజుకు వందమందికి అమ్మే మనిషికి మన ఒక్క యంత్రం సంగతి గుర్తుండాలనుకోవడం కుదరదు. గుర్తుంచుకోవలసింది మనమే.

మూడో కొట్టు మేడ మీద. అక్కడ ఉన్న కుర్రాడు మా మాటలు విని, “తెలుగువాళ్ళా సార్? మాది నాయుడుపేట” అన్నాడు. ర్యామ్ తీయకుండానే, “మోడల్ ఏంది అక్కా?” అని అడిగాడు. అమ్మాయి చీటీ ఇచ్చింది. చదివి, “ఇట్లా రాసుకొని వస్తే మాకూ పని తగ్గిద్ది” అని నవ్వాడు. పనిలో పనిగా నేను, 16 జీబీది ఒకటే పెడితే ఎలా ఉంటుందని అడిగాను. “ఈ తరం బండికి పదహారు ఎక్కదు సార్. దీని తరువాతి తరంలో కొన్నిటికి ఎక్కిద్ది” అన్నాడు.

అతను చెప్పింది అక్షరాలా నిజం. 8 జీబీ డీడీఆర్3ఎల్ ర్యామ్ మీద మామూలుగా 16 చిప్పులుంటాయి, ఒక్కొక్కటి 4 గిగాబిట్లది. పదహారు నాలుగులు 64 గిగాబిట్లు, ఎనిమిదితో భాగిస్తే 8 జీబీ. 16 జీబీ కావాలంటే ఒక్కో చిప్పు 8 గిగాబిట్లది ఉండాలి. నాలుగో తరం ఇంటెల్ ప్రాసెసర్లకు అంత పెద్ద చిప్పును గుర్తించే శక్తి లేదు. బజారులో ఉంది కదా అని, డబ్బు ఉంది కదా అని పెద్దది కొంటే లాభం లేదు. యంత్రం ఎంతవరకు చదవగలదో అంతే.

8 జీబీ ర్యామ్ తీసి, చీటీ మీద ఎల్ అక్షరం వేలితో చూపించి, పెట్టి ఆన్ చేశాడు. కొత్త మెమరీని పరిచయం చేసుకోవడానికి యంత్రం మొదటిసారి కొన్ని క్షణాలు ఎక్కువ తీసుకుంటుంది. తరువాత తెర వెలిగింది. 8 జీబీ చూపించింది. ఖర్చు రెండు వేల రూపాయల లోపే. బిల్లు రాయించుకునేలోగా మా చెల్లెలి ఫోను వచ్చింది. “ఆన్ అయిందా?” అన్న ఒక్క మాటే అడిగింది. అయిందని చెప్పాను. తెర మీద ఇంకా ఆయన పేరే వస్తోంది. దాన్ని మార్చాలని ఎవరికీ అనిపించలేదు.

కొనేటప్పుడు, బిగించేటప్పుడు

బిల్లు లేకుండా ఇస్తే తగ్గిస్తామంటారు. ర్యామ్ విషయంలో ఆ తగ్గింపుకు ఆశపడకండి. లోపం ఉంటే బయటపడటానికి ఒక్కోసారి వారం పడుతుంది. బిల్లు మీద ర్యామ్ రకం, ‘ఎల్’తో సహా, రాయించుకోవాలి. వారంటీ ఎన్నాళ్ళో, మార్చి ఇచ్చేది కొట్టువారా కంపెనీవారా అన్నది కూడా అడగాలి. వాడిన ర్యామ్ కూడా అక్కడ దొరుకుతుంది. పాత తరాలకు ఒక్కోసారి అదే గతి. దాన్ని మన యంత్రంలో పెట్టి చూపిస్తేనే తీసుకోండి.

ఇంట్లో మీరే బిగించుకోదలిస్తే ఛార్జరు తీసేయాలి, బ్యాటరీ తీసేయాలి. ఎక్స్240 వంటి వాటికి బయట ఒకటి, లోపల ఒకటి రెండు బ్యాటరీలుంటాయి. లోపలిదాన్ని మూత విప్పే ముందే బయాస్ సెట్టింగులలో ఆపుకోవాలి. స్థిర విద్యుత్తు చిప్పులకు శత్రువు. అందుకే ర్యామ్ ముట్టుకునే ముందు బీరువా తలుపు వంటి లోహాన్ని ఒకసారి తాకండి. అంచులు పట్టుకోవాలి, బంగారు రంగు పిన్నులను తాకకూడదు. ఏటవాలుగా గాడిలోకి నెట్టి, తరువాత కిందికి వంచితే రెండు పక్కలా క్లిప్పులు పడతాయి. పిన్నులు పైకి కనబడుతూ ఉంటే పూర్తిగా దిగలేదని అర్థం.

పని అంతటితో అయిపోలేదు. ఆ రాత్రి మెమ్‌టెస్ట్86 అనే ఉచిత పరీక్షను నడవనిచ్చి పడుకోండి. పొద్దున్నకు ఒక్క తప్పు చూపించినా ర్యామ్ వెనక్కు ఇచ్చేయాలి. ఒక్కటే కదా అని ఊరుకుంటే ఏదో ఒక రోజు ఎక్సెల్ పుట చెడిపోతుంది, ఎందుకు చెడిందో తెలియదు. పాత ర్యామ్‌ను ఓ నెల రోజులు దాచి ఉంచండి. యంత్రం మొరాయిస్తే దాన్ని పెట్టి చూస్తే దోషం ఎక్కడుందో తేలిపోతుంది.

డబ్బు పెట్టకూడని సందర్భాలు

అన్ని పాత లాప్‌టాప్‌లకూ ఈ వైద్యం పనికిరాదు. మ్యాక్‌బుక్ ఎయిర్‌లన్నిటికీ, 2012 నుంచి వచ్చిన రెటినా మ్యాక్‌బుక్ ప్రోలకూ మెమరీ బోర్డుకే అతికి ఉంటుంది. పలుచగా, అందంగా ఉండే చాలా విండోస్ లాప్‌టాప్‌లదీ అదే కథ. కొనేనాడు ఎంత ఉంటే చివరిదాకా అంతే. ఆటమ్ ఎన్450 వంటి ప్రాసెసరుతో 2010 ప్రాంతంలో వచ్చిన నెట్‌బుక్‌లకు గరిష్ఠం 2 జీబీ. వాటి మీద ఖర్చు దండగ.

ఇంకొక సంగతి కూడా తూచుకోవాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదో తరం ప్రాసెసరు, ఆపైన ఉండాలి. ర్యామ్ ఎంత పెంచినా ఈ నియమం మారదు. ఇళ్ళలోని విండోస్ 10 యంత్రాలకు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా మరమ్మతులు ఇస్తామన్నారు. ఆ తేదీ తరువాత బ్యాంకు పనులకు అలాంటి యంత్రాన్ని వాడవద్దని బ్యాంకువాడిగా నా సలహా. లినక్స్ వేసుకుంటే పాత యంత్రం భద్రంగా ఇంకొన్నేళ్ళు పనిచేస్తుంది. కానీ ట్యాలీ వంటి విండోస్ సాఫ్ట్‌వేరు మీద ఆధారపడేవాళ్ళు ముందే ఆలోచించుకోవాలి. మా మేనకోడలి విషయంలో లెక్క ఇలా వేశాను: రెండు వేల లోపు ఖర్చుతో పరీక్షల కాలం గట్టెక్కుతుంది, కొత్తదానికి డబ్బు కూడబెట్టుకోవడానికి రెండేళ్ళ వ్యవధి దొరుకుతుంది. ఆ మేరకు అది మంచి పెట్టుబడే. పదేళ్ళ కోసం అయితే కాదు.

ధరల మాట ఒకటి. మేం కొన్నది 2024లో. 2025 చివరి నెలల్లో మెమరీ ధరలు బాగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కట్టే పెద్ద పెద్ద డేటా కేంద్రాలకు కావలసిన మెమరీ వైపు తయారీదారులు మొగ్గడం దానికి ముఖ్య కారణం. కాబట్టి నేను చెప్పిన ధరను ప్రమాణంగా తీసుకోకండి. నాలుగు కొట్లలో అడగండి. ధర పెరిగిన రోజుల్లో తప్పు ర్యామ్ కొంటే నష్టం కూడా ఆ మేరకు ఎక్కువ.

బెంగుళూరులో ఉన్న మనవాళ్ళకు ఎస్.పి. రోడ్డు ఉంది. టౌన్ హాలు నుంచి నడిచి వెళ్ళవచ్చు. ముంబైవారికి గ్రాంట్ రోడ్డు స్టేషన్ దగ్గరి లామింగ్టన్ రోడ్డు. సెలవులకు సికింద్రాబాదు వెళ్ళేవారికి పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. ఊరు ఏదైనా బజారు తీరు ఒకటే, చీటీ కూడా ఒకటే. దాంట్లో ఉండవలసినవి మరొకసారి చెబుతాను: యంత్రం మోడల్ నంబరు, స్లాట్లు ఎన్ని, ఇప్పుడు ఉన్నది ఎంత, గరిష్ఠం ఎంత, ఏ తరం, ఎల్ ఉందా లేదా, విండోస్ ఎన్ని బిట్లది. ఏడు సంగతులు. అవి రాసి ఉన్న కాగితం జేబులో ఉంటే రిచీ స్ట్రీట్‌లో ఏ మెట్లయినా ధైర్యంగా ఎక్కవచ్చు. లాప్‌టాప్ మాత్రం వెంట తీసుకెళ్ళడం మరవకండి.